మిద్దె మీద ఉడుత: జాలీ ఎన్నాళ్లు ఉంచాలి?

మా మిద్దె తోటల వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒకావిడ ఫొటో పెట్టింది. ఎలుకల కోసం అమ్మే జిగురు అట్ట మీద ఉడుత పక్కకి పడి ఉంది, తోకంతా జిగురు. కింద "మొత్తానికి దొరికింది" అని రాసింది. ఇక చూడండి, గ్రూపు రెండు ముక్కలైంది. రాముడి వేళ్ల గుర్తులున్న జీవిని అలా చేస్తారా అని సగం మంది, నా దానిమ్మకాయలు మీరిస్తారా అని మిగతా సగం మంది. ఎవరో వంటనూనె రాసి జిగురు వదిలించే వీడియో పంపారు, ఇంకెవరో ఎలుకల మందు పేరు చెప్పారు. ఒకాయన మాత్రం ఈ గొడవలోకి రాకుండా, తన మిద్దె మొత్తానికి కట్టించిన ఇనుప పంజరం ఫొటో పెట్టి "పర్మనెంట్ సొల్యూషన్" అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోయాడు. ఆ ఫొటోకి వచ్చినన్ని దండాలు ఆ రోజు ఇంక దేనికీ రాలేదు.

జిగురు అట్ట గురించి నాకు పెద్దగా వాదన లేదు, అది వద్దు, అంతే. అతుక్కున్నది ఎలుకైనా ఉడుతైనా గంటల తరబడి కొట్టుకుని చస్తుంది, పైగా బల్లులూ పిచ్చుకలూ కూడా దానికే అతుక్కుంటాయి. మందు సంగతీ అంతే. బ్రోమడయోలోన్ బిళ్లలు తిన్న ఎలుక వెంటనే చావదు, రోజుల పాటు తూలుతూ తిరుగుతుంది, దాన్ని పట్టుకున్న పిల్లికీ గుడ్లగూబకీ ఆ విషం ఎక్కుతుంది. మన నోట్లోకి వెళ్లే తోటకూర పక్కన అలాంటిది పెట్టే ధైర్యం నాకైతే లేదు. నాకు పేచీ ఉన్నది అందరూ దండం పెట్టిన ఆ పంజరంతోనే. చాలా మిద్దెలకి అది అక్కర్లేదని నా అభిప్రాయం. మడులకి ఏడాది పొడుగునా కాపలా ఉండక్కర్లేదు. ఏ పంటకైనా రెండు గండాలు ఉంటాయి, ఒకటి విత్తు మొలకెత్తేటప్పుడు, రెండోది కాయ రంగు తిరిగేటప్పుడు. ఆ రెండు సమయాల్లో గట్టిగా కాస్తే మిగతా రోజులు ఉడుత ఎన్ని షికార్లు చేసినా మనకి పోయేది తక్కువ.

ముందు దొంగ ఎవరో తేలాలి

ఉడుతకి పడే సగం తిట్లు దానికి చెందినవి కావు. ఉడుత పగటి జంతువు, చీకటి పడ్డాక గూటిలోంచి కదలదు. సాయంత్రం బాగున్న కాయ తెల్లారేసరికి కొరికి ఉంటే అది ఎలుక పని, జామ పండైతే గబ్బిలం పని కూడా కావచ్చు. మడిలో మట్టి తవ్వి వాసన వస్తుంటే పిల్లి. పాలకూర ఆకులు అంచుల నుంచి చిరిగిపోయి ఈనెలు మాత్రం నిలబడి ఉంటే పావురాలు. టమాటాకి పక్కన చిన్న గుంట పొడిచి వదిలేస్తే పిగిలిపిట్ట. ఇవన్నీ కలిపి "ఉడుతలు బతకనివ్వట్లేదండీ" అని ఒకటే మాట అంటాం, ఎందుకంటే పగలు మన కళ్ల ముందు తోక ఎగరేసుకుంటూ తిరిగేది అదొక్కటే.

మా అమ్మ చెప్పిన ఉపాయం ఒకటుంది. రాత్రి పడుకునే ముందు పిట్టగోడ మీదా మడి గట్టు మీదా పిండి గానీ బూడిద గానీ పల్చగా చల్లాలి. పొద్దున్నే అడుగులు చూస్తే ఎవరొచ్చారో తెలిసిపోతుంది. మా మిద్దె మీద చల్లితే ఎలుకల అడుగులతో పాటు ఒక పిల్లి తీరుబడిగా పిట్టగోడ పొడుగునా నడిచిన గుర్తులు కనబడ్డాయి. మావారు ఆ మాటే పట్టుకుని, పిల్లి వస్తుంటే ఎలుకలెందుకు ఉన్నాయి అని చాలా రోజులు అడిగారు. జవాబు నా దగ్గర లేదు, బహుశా వాటి వేళలు వేరేమో.

యూట్యూబ్ సలహాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వాటిలో ఎక్కువ భాగం అమెరికా వీడియోలు. న్యూజెర్సీలో ఉన్న మా చెల్లికి పెరట్లో చెక్కతో కట్టిన ఎత్తు మడులు ఉన్నాయి, వాటిలో గోంగూర వేస్తుంది. అక్కడి బూడిద రంగు ఉడుత అరకిలో దాకా తూగుతుంది, చలికాలానికని ఓక్ కాయల్ని ఒక్కొక్కటి ఒక్కోచోట పాతిపెడుతుంది, దానికి మెత్తటి మట్టి ఎక్కడ దొరికితే అక్కడ తవ్వకమే. అందుకే వాళ్లు ఆకురాలు కాలంలో ఖాళీ మడుల మీద కూడా జాలీ పరిచి ఉంచుతారు. మన చారల ఉడుత వంద గ్రాములు అటూ ఇటూ ఉండే ప్రాణి. మనకి అలాంటి చలికాలం లేదు, దానికి అంత దాచుకునే పనీ లేదు. ఇది తవ్వేది అప్పటికప్పుడు తినడానికి. అక్కడి వాళ్ల మందు ఇక్కడి రోగానికి ఎలా పనికొస్తుంది? మా చెల్లి మాత్రం నా ఫిర్యాదులు విని నవ్వుతుంది. "నీకు ఉడుతలే కదా అక్కా, నా గోంగూర జింకలు మేస్తాయి" అంటుంది. జింక దూకకుండా ఉండాలంటే కంచె ఏడెనిమిది అడుగులు ఉండాలట.

మంచె ఎక్కేది ఎప్పుడు

ఈ రెండు గండాల మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. జొన్న చేలో మంచె వేసి వడిసెలతో పిట్టల్ని తోలడం పల్లెల్లో పుట్టినవాళ్లందరికీ తెలుసు. ఆ మంచె మీద విత్తిన రోజు నుంచి ఎవరైనా కూర్చున్నారా? కంకి పాలు పోసుకున్నప్పుడు ఎక్కేవాళ్లు, గింజ గట్టిపడి కోత అయ్యేదాకా ఉండేవాళ్లు. పెరట్లో చిక్కుడు పాదు పెట్టినా అంతే, గింజ వేసి పైన రేగు కంప కప్పేది మా అమ్మమ్మ, తీగ చెయ్యి చాచే వేళకి కంప తీసి అవతల పారేసేది. కోళ్లు ఆ తర్వాత ఆ పాదు చుట్టూ ఎంత తిరిగినా పట్టించుకునేది కాదు. కాపలాకి కూడా ఖర్చుందని వాళ్లకి తెలుసు, అందుకే అవసరమైన రోజులకే కాపలా పెట్టారు. మనకి ఫ్యాబ్రికేషన్ షాపు దగ్గరగా ఉండటం వల్ల ఆ లెక్క మర్చిపోయాం అనిపిస్తుంది.

మొదటి గండం: మొలక

ఉడుతకి అన్నిటికంటే ఇష్టమైనవి నూనె, పిండి ఉన్న గింజలు. వేరుశనగ, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు, గుమ్మడి, చిక్కుడు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) కలిపిన, పొడి పొడిగా మెత్తగా ఉన్న మట్టిలో వాటిని పెట్టడమంటే దానికి విస్తరి వేసినట్టే. మొలక బయటికొచ్చాక కూడా కొన్ని రోజులు గింజ పప్పు దానికే అంటుకుని ఉంటుంది కాబట్టి, అప్పుడు మొక్కతో సహా పీకి ఆ పప్పు తిని మొక్కని అక్కడే పారేస్తుంది. నాలుగు అసలు ఆకులు వచ్చాక ఆ మొక్క మీద ఉడుతకి ఆసక్తి పోతుంది.

దీనికి నేను వాడేది అరంగుళం కన్నున్న జీఐ వెల్డ్ మెష్, అంటే జింకు పూత వేసిన ఇనుప తీగల జాలీ. సికింద్రాబాద్‌లో రాణీగంజ్ వైపు హార్డ్‌వేర్ షాపుల్లో చుట్టల లెక్కన దొరుకుతుంది, కత్తిరించి ఇస్తారు. మడి వెడల్పు కంటే కొంచెం ఎక్కువ తీసుకుని గుమ్మటంలా వంచి మడి మీద బోర్లించడం, చుట్టూ ఇటుకలు పెట్టడం, ఇంతే పని. అంచులు తప్పకుండా లోపలికి మడవాలి, లేకపోతే నీళ్లు పోసేటప్పుడు చెయ్యి చీరుకుంటుంది. కోళ్ల గూళ్లకి వాడే ఆరుకోణాల జాలీ చవకే కానీ దాని కన్ను పెద్దది, ఉడుత పిల్లలూ చిన్న ఎలుకలూ దూరిపోతాయి. నైలాన్ వల సంగతి చెప్పక్కర్లేదు, ఉడుత పళ్లకి అది కాసేపటి పని. షేడ్ నెట్ అయితే ఇంకా ఘోరం, దాని పీచు లాక్కెళ్లి గూటికి పరుపు వేసుకుంటుంది. మా పాత షేడ్ నెట్ ముక్క మొన్న ఏసీ బయటి యూనిట్ వెనక దాని గూట్లో కనబడింది.

మొక్కలు జాలీని తాకే ఎత్తుకి వచ్చాక గుమ్మటం తీసి పక్క మడికి మారుస్తాను. రెండు మూడు గుమ్మటాలతో మిద్దె మొత్తం నడుస్తుంది, అన్ని మడులకీ ఒకేసారి విత్తనం పెట్టం కదా. వంగ, మిర్చి లాంటివి ట్రేలో నారు పోసి కిటికీ దగ్గర పెంచి నాటుకుంటే వాటికి ఈ గండమే ఉండదు.

రెండో గండం: దోరకాయ

నా మాట చాలామందికి నచ్చనిది ఇక్కడే. టమాటాని చెట్టు మీద ఎర్రగా పండనివ్వద్దంటాను నేను. అడుగున లేత గులాబీ రంగు మొదలై కాయ దోరకి వచ్చిందంటే, పండటానికి కావాల్సిందంతా అప్పటికే కాయలో ఉన్నట్టు. పండించే ఇథిలీన్ వాయువుని కాయే తయారుచేసుకుంటుంది, కోసి వంటింటి గట్టు మీద పెడితే నాలుగైదు రోజుల్లో పండుతుంది, రుచిలో నాకైతే తేడా తెలియలేదు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు, ఆ చల్లదనానికి పండటం ఆగిపోతుంది, రుచి చప్పబడుతుంది. పచ్చి టమాటాని ఉడుత ఒకసారి కొరికి చూసి వదిలేస్తుందేమో కానీ, రంగూ వాసనా వచ్చాకే రోజూ వస్తుంది. అది రాకముందే మనం కోసేసుకుంటే పేచీ ఏముంది?

మా గ్రూపులో ఒకాయన దీనికి గట్టి జవాబే ఇచ్చాడు. "చెట్టు మీద పండిన కాయ తినడానికే కదమ్మా మిద్దె ఎక్కింది, దోరకాయలు కోసుకోవడానికైతే రైతు బజారు చాలదా" అని. ఆ మాటలో నిజముంది. ఎర్రటి కాయల గుత్తి చెట్టుకి వేలాడుతుంటే వచ్చే సంతోషం వంటింటి గట్టు మీద రాదు. అలాంటి సంతోషం కావాలనుకుంటే ఒక గుత్తికి స్టీలు దోమల జాలీతో సంచీ కుట్టి తొడగండి, ఫొటోకి అది చాలు. మిగతావి దోరగా కొయ్యండి.

అన్ని పళ్లకీ ఈ సూత్రం పనిచెయ్యదు. సపోటా, సీతాఫలం, బొప్పాయి, మామిడి, జామ, ఇవన్నీ ముదిరాక కోస్తే ఇంట్లో పండుతాయి. దానిమ్మ, ద్రాక్ష, నిమ్మ జాతి పళ్లు కోశాక ఇంక పండవు, ఎలా కోశామో అలాగే ఉంటాయి. కాబట్టి ఫొటో పెట్టిన ఆవిడ దానిమ్మ బాధ నిజమైన బాధే, ఆవిడకి "దోరగా కొయ్యండి" అని చెప్పడం అన్యాయం. దానిమ్మకి సంచీ తప్పదు, అది గుడ్డ సంచీ అయితే లాభం లేదు, ఉడుత గుడ్డ చింపి ఆ దూది కూడా గూటికి పట్టుకెళ్తుంది. నేను సన్న స్టీలు జాలీనే వాడతాను, గాలాడుతుంది, కాయ కుళ్లదు. ప్లాస్టిక్ సీసా కోసి తొడిగేవాళ్లున్నారు, దానికి అడుగున రంధ్రాలు లేకపోతే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది.

కారం చల్లే వైద్యం గురించి అందరూ అడుగుతారు. పాలిచ్చే జంతువుల నోటికి మిరప మంట తెలుస్తుంది, పక్షులకి తెలియదు, పంజరం చిలక పచ్చిమిరపకాయ ఎంత హాయిగా తింటుందో చూశాం కదా. అంటే కారం ఉడుతకి పనిచెయ్యాలి. చేస్తుంది కూడా, మీరు నీళ్లు పోసేదాకా. ఆ తర్వాత మళ్లీ చల్లాలి, గాలికి అది మన కళ్లలోకే వస్తుంది, దాని కళ్లలోకి వెళ్తే అదొక హింస. నేను మానేశాను.

"పాపం దాహానికి కొరుకుతాయి, నీళ్లు పెట్టండి చాలు" అనేవాళ్లు ఇంకో వర్గం. ఎండాకాలంలో నీళ్ల మూకుడు పెట్టడం మంచి పనే, నేనూ పెడతాను. మా ఉడుతలు మూకుడులో నీళ్లు తాగి, ఆ తడి మూతితోనే వెళ్లి టమాటా కొరికాయి. ఇక "వాటి వంతు వాటిని తిననివ్వండి" అనే మాట వినడానికి బాగుంటుంది కానీ ఉడుత వంతులు వేసుకుని తినే రకం కాదు, ఒక కాయ పూర్తిగా తిని వెళ్తే నేనూ ఏమీ అననేమో. నాలుగు కాయలకి తలో గాటు పెట్టి వెళ్తుంది.

పంజరం వేటిని ఆపుతుంది

పంజరం కట్టించుకున్నవాళ్లు నాతో చెప్పేది ఒకటే, ఒకసారి ఖర్చు పెడితే మళ్లీ టెన్షన్ లేదని. మా మిద్దెకి వెల్డింగ్ అతన్ని పిలిచి లెక్క వేయించాను. అతను టేపు పట్టుకుని కొలిచి, "మేడమ్, పైన కూడా మూయాల్సిందే, లేకపోతే వేస్ట్" అని చెప్పిన మొత్తానికి మంచి సెకండ్ హ్యాండ్ స్కూటర్ వస్తుంది. ఆ డబ్బుకి ఎన్నేళ్ల కూరగాయలు కొనుక్కోవచ్చో మావారు అప్పటికప్పుడే లెక్క చెప్పారు. అయితే డబ్బు సంగతి పక్కన పెట్టినా నాకు ఇంకో అభ్యంతరం ఉంది.

సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, తెల్లగా. రాత్రి తిరిగే పురుగులు దాని కోసం వస్తాయి. బీరపువ్వు కూడా పొద్దువాలేటప్పుడే. గుమ్మడి, దోస తెల్లవారుజామున, పొద్దున. వీటన్నిటికీ మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు, మధ్యలో ఎవరో ఒకరు పుప్పొడి మొయ్యకపోతే పిందె పసుపు పచ్చబడి రాలిపోతుంది. అరంగుళం జాలీలోంచి తేనెటీగ దూరుతుంది కానీ, రెక్కలు చాచుకు తిరిగే పెద్ద చిమ్మెటలకీ నల్ల తుమ్మెదలకీ అది అడ్డే. జాలీ చాలదని పక్షుల వల కూడా కప్పేవాళ్లు, పురుగుల నెట్ వేసేవాళ్లు ఉన్నారు. అక్కడ ఇంక ఈగ కూడా రాదు. అలాంటి ఒక మిద్దెకి వెళ్తే ఆవిడ బ్రష్ పట్టుకుని రాత్రి టార్చి వెలుతురులో సొరపువ్వులకి చేత్తో పాలినేషన్ చేస్తోంది. ఉడుతల టెన్షన్ పోయిందని ఆవిడే చెప్పింది, నిజమే, దాని బదులు ఇది వచ్చింది. వంగ, టమాటా అయితే కొమ్మ ఊపితే పని జరుగుతుంది. ఆకుకూరలకి అసలు పువ్వుతో పనే లేదు. కాబట్టి ఆకుకూరలు, టమాటాలు మాత్రమే పెంచేవాళ్లు పంజరం కట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. తీగ పాదులు ఉన్నవాళ్లు మాత్రం ఒకసారి ఆలోచించాలి.

చెట్టు కొమ్మ మిద్దెకి తగలకుండా కొట్టేస్తే ఉడుత రాదంటారు కదా, దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ప్లాస్టరింగ్ గోడ మీద నిటారుగా పాకే జంతువుకి కొమ్మెందుకు? బాదం చెట్టు నీడ పోతుంది, అంతే.

కోతుల దగ్గర నా మాట చెల్లదు

ఇంతదాకా చెప్పినదంతా కోతులు రాని మిద్దెలకే. సిద్దిపేట, కరీంనగర్ వైపు ఊళ్లలో ఉన్నవాళ్లు, గుట్టల పక్కన, గుడుల పక్కన ఉన్నవాళ్లు ఇది చదివి నవ్వుకుంటారని తెలుసు. కోతికి గండం, కాలం ఏమీ లేవు. పిందెలు తెంపుతుంది, తిననివి పారేస్తుంది, వంగ మొక్కని వేళ్లతో సహా పీకి పిట్టగోడ మీద కూర్చుని చూస్తుంది. నా గుమ్మటాన్ని ఒక చేత్తో ఎత్తి పక్కన పెడుతుంది. తెలంగాణలో కోతుల దెబ్బకి కూరగాయలు, వేరుశనగ వెయ్యడమే మానుకున్న రైతులున్నారు. నిర్మల్ జిల్లాలో 2020లో కోతుల పునరావాస కేంద్రం తెరిచారు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసి అడవిలో వదలడానికి. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించినప్పుడు రీసస్ కోతిని రక్షణ జాబితా నుంచి తీసేశారు కూడా. ఇవేవీ ఒక మిద్దె తోటకి ఈ సాయంత్రం పనికొచ్చేవి కావు. అలాంటి చోట పైన కూడా మూసిన ఇనుప జాలీయే దారి, లేదా అల్లం, పసుపు, మిర్చి, కాకర లాంటి వాటితో సరిపెట్టుకోవడం. అక్కడి మిత్రులతో వాదించే అర్హత నాకు లేదు.

ఎలుకలు కూడా కొంతవరకు అంతే, అవి ఏడాది పొడుగునా ఉంటాయి. అయితే వాటిని పిలిచేది సాధారణంగా మనమే. మూత లేని కంపోస్టు డబ్బా, మడిలో పైపైన చల్లిన వేరుశనగ చెక్క, చేపల ముక్కల్ని బెల్లంతో పులియబెట్టి మొక్కలకి పోసే, వాసనకి పిల్లుల్ని కూడా లాక్కొచ్చే మీనామృతం. చెక్కని నీళ్లలో నానబెట్టి ద్రావణంగా పోసి పైన మట్టి కప్పితే సగం గొడవ తగ్గుతుంది. మిగతా సగానికి రాత్రి బోను పెట్టాలి.

మా విషయంలో ఆ సగం పక్క మిద్దె నుంచి వచ్చింది. పక్కింటి పెద్దాయన రోజూ పావురాలకి గుప్పిళ్లతో జొన్నలు చల్లుతారు, అవి తినగా మిగిలినవి రాత్రి ఎలుకలకి. పుణ్యం చేసుకునే మనిషిని ఆపమని ఎలా అడుగుతాం? చివరికి పిండి చల్లి తీసిన అడుగుల ఫొటో చూపించి, "అంకుల్, మీరు పావురాలకి పెడుతున్నది రాత్రి ఎలుకలు తింటున్నాయి" అన్నాను. ఆయన ఫొటో చాలాసేపు చూసి, "ఇన్నొస్తున్నాయా తల్లీ" అన్నారు. అప్పటి నుంచి జొన్నలు పళ్లెంలో పోసి చీకటి పడేలోపు లోపలికి తీసేస్తున్నారు. బోనులో ఎలుకలు పడటం బాగా తగ్గింది. పావురాలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు, పళ్లెం ఖాళీ అవగానే నేరుగా మా పాలకూర మీదికే వస్తున్నాయి. అందుకే పాలకూర మడి మీద గుమ్మటం ఇంకా తియ్యలేదు.